నగరం మీద మెరుపులను ఫొటో తీసేటప్పుడు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలి?

ప్రశ్న

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం దాటాక ఉరుములతో వచ్చే వానలను మా ఏడో అంతస్తు బాల్కనీ నుంచి ఫొటో తీస్తున్నాను. ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 400, అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ సంఖ్య పెరిగితే చిన్నదవుతుంది) ఎఫ్/4, షట్టర్ 30 సెకన్లు పెడితే వీధి దీపాలు తెల్లగా మండిపోతున్నాయి, మెరుపు తీగ కూడా లావుగా అలుక్కుపోతోంది. షట్టర్ సమయం తగ్గిస్తే రెండూ సర్దుకుంటాయా?

మొదటి జవాబు

దీపాలు సర్దుకుంటాయి గానీ మెరుపు సర్దుకోదండి. ఒకే దారిలో మూడు నాలుగు సార్లు విద్యుత్తు ప్రవహించినా మెరుపు మొత్తం సాధారణంగా సెకను లోపే ముగిసిపోతుంది కాబట్టి, షట్టర్ 5 సెకన్లు తెరిచినా 30 సెకన్లు తెరిచినా ఆ తీగ నుంచి సెన్సర్‌కు చేరే వెలుగు ఒక్కటే. దాన్ని అదుపు చేసేవి అపర్చర్, ఐఎస్ఓ మాత్రమే. ఐఎస్ఓ 100, ఎఫ్/8కి మారితే తీగ వెలుగు 16వ వంతుకు తగ్గుతుంది. పిడుగులు మరీ దగ్గరగా పడుతుంటే ఎఫ్/11 మేలు. ఆ తరువాతే నగరం వెలుగును చూసుకుంటూ షట్టర్‌ను 10, 15 సెకన్ల మధ్య నిర్ణయించుకోండి. ఫోకస్‌ను దూరపు దీపం మీద మాన్యువల్‌గా కుదర్చండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను (ఎక్కువసేపు షట్టర్ తెరిచి తీసిన ఫొటోలో మచ్చలను తగ్గించే కెమెరా సదుపాయం) తప్పక ఆపేయండి. లేకపోతే ప్రతి ఫొటో తరువాత కెమెరా అంతే సమయం ఆగిపోతుంది, అసలైన మెరుపు సరిగ్గా అప్పుడే వస్తుంది!

రెండో జవాబు

బాల్కనీ సంగతి కూడా ఆలోచించండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, కాబట్టి లోపలికి వెళ్లి, చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రాకపోవడం మంచిది. గదిలో లైట్లు ఆర్పి, లెన్స్ చుట్టూ నల్లగుడ్డ కప్పి, మూసిన కిటికీ అద్దం గుండా తీస్తే ప్రతిబింబాల బెడద ఉండదు. కెమెరా దానంతటదే వరుసగా ఫొటోలు తీసేలా ఇంటర్వెల్ టైమర్ పెడితే మీరు కిటికీ దగ్గర నిలబడే పని కూడా లేదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపిస్తుంది.

అడిగినవారు

ధన్యవాదాలండి. ఇంకా వెలుతురు ఉండగానే వచ్చే మెరుపులకు ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే వెలుగును తగ్గించే ముదురు రంగు అద్దం) పనికొస్తుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

షట్టర్‌ను ఎక్కువసేపు తెరవడానికి పనికొస్తుంది గానీ, అది తీగ వెలుగును కూడా తగ్గిస్తుంది, కాబట్టి ముదురు ఫిల్టర్ వేస్తే సన్న కొమ్మలు మాయమవుతాయి. పగటి పూట నా ఓటు లైట్నింగ్ ట్రిగ్గర్‌కే. మొదటి వెలుగును పసిగట్టి షట్టర్ తెరుస్తుంది. ఆ దారిలోనే మళ్లీ వచ్చే ప్రవాహాలు ఫొటోలో పడతాయి. ఒకే ప్రవాహంతో ముగిసే మెరుపులు మాత్రం దానికి దొరకవు.