మోదుగ గింజలు గొర్రెల నట్టలకు పనిచేస్తాయో లేదో ఎలా తేల్చాలి?

మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎంఎస్సీ జువాలజీ చదువుతున్నా. వానాకాలం వస్తే చాలు, మా గొర్రెలకు కడుపులో రక్తం పీల్చే నట్టలు (పురుగులు). కనురెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది, దవడ కింద నీరు దిగుతుంది. పోయినేడు నట్టల మందు ఆల్బెండజోల్ తాపినా పెద్దగా గుణం కనపడలేదు.

నాయన మోదుగ గింజలు నూరి తాపుతాడు. కాయకు ఒక్కటే గింజ, రూపాయి బిళ్లంత, పల్చగా, ఎర్రగా. తాగినవి తేరుకున్నాయంటాడు. తాపనివీ కొన్ని తేరుకున్నాయి మరి!

అందుకే మూడు గుంపులు చేసి, మొదటి రోజు, 14వ రోజు పెంటికల్లో నట్టల గుడ్లు మెక్‌మాస్టర్ స్లైడుతో (గుడ్లు లెక్కపెట్టే గళ్ల స్లైడు) లెక్కపెడదామనుకుంటున్నా. గుంపుకు పది చాలా? ఒక గుంపుకు ఏమీ తాపొద్దంటే నాయన ససేమిరా అంటున్నాడు. నీరసపడ్డదానికి మధ్యలో మందు తాపితే లెక్క చెడుతుందా?

ఇంకోటి, గింజలు మరిగించాలా, చల్లగానే నానబెట్టాలా? మలేరియా మందు ఆర్టెమిసినిన్ విషయంలో వేడికి గుణం పోతోందనే చైనా శాస్త్రవేత్త టు యూయూ ఈథర్‌తో తక్కువ వేడిలో తీసింది కదా. మోతాదు మించితే గొర్రెకు ప్రమాదమా? చూడి గొర్రెలనైతే పక్కన పెట్టేశా. జంతువుల మీద ప్రయోగాలను చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలా? వెటర్నరీ వాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.