అద్దె పోర్షన్లకు ఇన్‌స్టంట్ గీజరా, ట్యాంకు గీజరా?

ఉప్పల్ ఓనర్:
మాది పాత ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. చలికాలం వచ్చేలోపు గీజర్లు పెట్టించమని ఇద్దరూ అడుగుతున్నారు. 3 లీటర్ల ఇన్‌స్టంట్ అయితే ధర తక్కువ, బాత్రూమ్‌లో చోటు పట్టదు. మా తమ్ముడు మాత్రం 15 లీటర్ల ట్యాంకుదే పెట్టించమంటున్నాడు. ఏది మంచిదండి?

బ్యాచిలర్లకు అద్దెకిచ్చినవాణ్ణి:
ఇన్‌స్టంటే పెట్టండి. మా పోర్షన్‌లో పిల్లలు ట్యాంకు గీజర్ వేసి మర్చిపోయి ఆఫీసుకు వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రం దాకా అది నీళ్ళు చల్లారడం, మళ్ళీ కాగడం. సబ్ మీటర్ బిల్లు చూశాక గొడవ నాతో. మార్చేశాక ఆ మాటే రాలేదు. పైగా ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే యానోడ్ రాడ్ బోరు నీళ్ళకు అరిగిపోతుంది. దాన్ని అద్దెకుండేవాళ్ళు పట్టించుకోరు, మనమే చూసుకోవాలి.

వైరింగ్ పని చేసేవాణ్ణి:
మర్చిపోయే మాట నిజమే అన్నా. కానీ పాత ఇంట్లో ముందు చూడాల్సింది వైరు. ఇన్‌స్టంట్ 3 కిలోవాట్లు, అంటే 13 ఆంపియర్లు లాగుతుంది. పొద్దున 7 గంటలకు రెండు పోర్షన్లూ ఒకేసారి వేస్తే 26. దానికి తోడు మీ మోటారు, ఇండక్షన్ స్టవ్. సింగిల్ ఫేజ్ మీద అది మోయలేని బరువు. లైట్ల లైన్‌లోంచి పాయింట్ లాగేస్తారు కొందరు, ప్లగ్గు కాలి నల్లబడ్డ ఇళ్ళు ఎన్నో చూశాను.

ఇంకోటి, ఇన్‌స్టంట్ అన్నంత మాత్రాన తిప్పగానే బకెట్ నిండదు. 18 డిగ్రీల నీళ్ళు 18 లీటర్లు 40కి రావాలంటే 9 నిమిషాలు పడుతుంది. నలుగురున్న ఇంట్లో స్కూలు టైముకు అది కష్టం. 2 కిలోవాట్ల 15 లీటర్లది 22 నిమిషాలు వేస్తే 60 డిగ్రీలకు కాగుతుంది, చన్నీళ్ళు కలిపితే బకెట్టున్నర. బకెట్‌కు కరెంటు ఎందులోనైనా అర యూనిట్ లోపే, ట్యాంకులో వేడి చల్లారితేనే నష్టం. ఫ్యామిలీకి ట్యాంకు, ఒక్కరే ఉంటే ఇన్‌స్టంట్ అంటాను.

ఉప్పల్ ఓనర్:
మరి గ్యాస్ గీజర్ పెడితే? దానికి ట్యాంకూ ఉండదు, లోడ్ గొడవా ఉండదు కదా.

వైరింగ్ పని చేసేవాణ్ణి:
వద్దండి, దయచేసి వద్దు. మూసిన బాత్రూమ్‌లో దాన్నుంచి కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రంగుండదు, వాసనుండదు. స్నానానికి వెళ్ళినవాళ్ళు లోపలే పడిపోయి ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. చలికి వెంటిలేటర్ అట్టముక్కతో మూసేవాళ్ళుంటారు, మీరు రోజూ వెళ్ళి చూడలేరు.

ఉప్పల్ ఓనర్:
నిజమే, అది ఆలోచించలేదు. ఒక పోర్షన్‌లో చంటిపిల్ల ఉంది. గ్యాస్ మాట వదిలేశాను. అందరి బాత్రూమ్‌లకూ విడిగా లైను, ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాకే ఏ గీజరైనా. ఆ ఖర్చు అద్దెలో కలపను, ఇల్లు నాది కాబట్టి వైరింగ్ బాధ్యత నాదే.