ఇత్తడి పొదిగిన ఉక్కు పలక: చింతపండుతో తోమితే నీలం రంగు పోయింది

ప్రశ్న

నమస్కారం. నేను కాకినాడలో ఉంటాను. సెలవు రోజుల్లో సరదాకు లోహపు పని చేస్తుంటాను. 3 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు పలక మీద ఉలితో లత ఆకారంలో గాడి చెక్కి, అందులోకి ఇత్తడి తీగను సుత్తితో దిగగొట్టి, ఆకురాయితో చదును చేసి, ఎమరీ కాగితంతో నునుపు చేశాను. తర్వాత బ్లోటార్చితో వేడి చేస్తే ఉక్కు ఒకచోట నీలంగా, మరొకచోట బూడిదగా తేలింది. ఇత్తడి గోధుమరంగుకు తిరిగింది. ఇంట్లో చెంబులు తోమినట్టే చింతపండు గుజ్జుతో రుద్దాను. ఇత్తడి తళతళలాడింది గానీ చుట్టూ ఉన్న నీలం కాస్తా పోయింది. రంగు ముందే తెప్పించి, ఆ తర్వాత తీగ పొదగాలా?

మొదటి జవాబు

ఇత్తడి మీది మకిలి, ఉక్కు మీది నీలం రెండూ ఆక్సైడు పొరలేనండీ. చింతపండు పులుపు రెంటినీ వదలదు. ఆ పొర మందం పెరిగేకొద్దీ కంటికి కనిపించే రంగు మారుతుంది: సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం, అది దాటితే బూడిద. ఇరవై డిగ్రీల తేడాకే రంగు మారిపోతుంది కనుక, మంట నేరుగా తగిలిన పలక మీద మచ్చలు పడక తప్పదు.

గడియారాలు బాగుచేసేవారు మరలకు నీలం తెప్పించడానికి వాటిని ఇత్తడి రజను మీద ఉంచి వేడి చేస్తారు. నేను పాత ఇనుప పెనంలో రెండు సెంటీమీటర్ల మందాన పొడి ఇసుక పోసి, పలకను దానిపై ఉంచి, సన్నని సెగ మీద కాస్తాను. ముందుగా అసిటోనుతో తుడవండి. ఆ తర్వాత వేలు తగిలినా ముద్ర పడుతుంది. పూర్తి నీలం వచ్చేదాకా ఆగకుండా, ఊదా నీలంలోకి తిరుగుతుండగానే తీసేయండి.

రంగు ముందే తెప్పిస్తే సుత్తి దెబ్బలకు నిలవదు. పొదగడమే ముందు. అయితే ఇత్తడిని పూర్తిగా చదును చేయక, వెంట్రుకవాసి ఎత్తుగా వదిలేయండి. రంగు వచ్చాక, తోలు అంటించిన చదునైన చెక్కముక్కకు మెటల్ పాలిష్ రాసి రుద్దితే, అది ఎత్తుగా ఉన్న ఇత్తడిని మాత్రమే తాకుతుంది.

రెండవ జవాబు

పై సలహాతో ఏకీభవిస్తాను గానీ, అసలు చిక్కు ఇత్తడిలోనే ఉంది. ఉదయపూర్ కోఫ్త్‌గరీ పనివారు ఉక్కు మీద బంగారం, వెండి అతికించాకే నీలానికి కాస్తారు. ఆ వేడికి అవి మాసిపోవు. ఇత్తడిలో రాగి, జింకు ఉన్నాయి కనుక మాసిపోతుంది. మన హైదరాబాదులో చాలామంది దీన్ని బిద్రీతో పోలుస్తారు. అది జింకు ప్రధానమైన మిశ్రమలోహం, దాని నలుపు మట్టితో వచ్చేదే తప్ప కాల్చితే వచ్చేది కాదు. ఆ పద్ధతి ఇక్కడికి తేవద్దు.

గాడి నిటారుగా చెక్కారా? అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండాలి. ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. 300 డిగ్రీల వద్ద, స్వేచ్ఛగా ఉన్న 100 మిల్లీమీటర్ల తీగకు ఆ తేడా 0.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నా మొదటి లతలో రెండు కొసలు చల్లారాక లేచి వచ్చాయి. తీగను మసక ఎరుపు రంగు వచ్చేదాకా కాల్చి మెత్తబరచి పొదిగితే, లోపలి మూలలదాకా దిగుతుంది. ఇదంతా అలంకారపు పలకలకే సుమా. కత్తి అలుగును నీలందాకా కాలిస్తే దాని గట్టిదనం తగ్గి పదును నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు నీలం రావడానికి ఇంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి కాబట్టి దాని జోలికి పోకండి.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. గాడి నిటారుగానే చెక్కాను, అదీ నా పొరపాటే. ఆదివారం చిన్న ముక్క మీద ఇసుక పెనం ప్రయత్నించాను. మచ్చలు లేని నీలం వచ్చింది, ఇత్తడిని విడిగా మెరుగుపెట్టడమూ కుదిరింది. మా సముద్రపు గాలికి ఒక్క పూత మైనం సరిపోతుందా?

మొదటి జవాబిచ్చినవారు

సరిపోదు. ఆ నీలం పొర తుప్పును పెద్దగా ఆపదు. పైగా తేమ చేరితే ఇత్తడి ఆనుకున్న చోట ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. పలక గోరువెచ్చగా ఉన్నప్పుడే రెండు పూతలు వేయండి, వర్షాకాలానికి ముందు మరోసారి వేయండి.