మోస్తార్ వంతెనను కూల్చడం నేరం కాదట, ఎలా?

సెంట్రింగ్_శీను:
ఆఫీసు పని మీద క్రొయేషియా వెళ్లినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికితే, బస్సెక్కి పక్కనే బోస్నియాలో ఉన్న మోస్తార్ చూసొచ్చాను. పన్నెండేళ్లుగా ఫ్లైఓవర్లు కట్టడమే నా పని. అందుకే నెరేత్వా నది మీద ఆ పాత వంతెన దగ్గర అందరూ సెల్ఫీలు దిగుతుంటే, నేను రాళ్ల అతుకులు చూస్తూ కూర్చున్నా. ఒకటే ఆర్చి, దాదాపు 29 మీటర్లు, మధ్యలో స్తంభం లేదు. రాయికీ రాయికీ ఇనుప క్లాంపులు వేసి, ఆ కంతల్లో సీసం కరిగించి పోశారు. పైన నడిచే రాయి ఎంత నున్నగా ఉందంటే, అడ్డంగా రాతి పట్టీలు లేకపోతే పడేవాణ్ణే.

ఇప్పుడున్నది 2004లో తిరిగి కట్టింది. 1566లో పూర్తయిన అసలు వంతెన, బోస్నియా యుద్ధంలో 1993 నవంబరు 9న బోస్నియా క్రొయాట్ సేన ట్యాంకు గుళ్లకు నదిలో కూలిపోయింది. అంతకుముందు దాన్ని కాపాడుకోవడానికి పాత టైర్లు, రేకులు, చెక్కలు కట్టారు. ఆ ఫొటోలు చూస్తే కడుపులో దేవినట్టయింది. మా సైటులో పడవకి కట్టే టైర్లలాంటివే, ఫిరంగి గుండుకి అడ్డంగా!

తీరా ఇంటికొచ్చి చదివితే, ఆ యుద్ధ నేరాలను విచారించిన హేగ్ ట్రిబ్యునల్‌లో, 2017లో అప్పీల్లో వంతెన కూల్చారన్న అభియోగం కొట్టేశారని తెలిసింది. వారసత్వ కట్టడం కూల్చడం నేరం కాదా? లా తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_ప్లీడరు:
శీను గారూ, నేరమే. కానీ యుద్ధంలో వారసత్వ కట్టడాలను కాపాడే 1954 హేగ్ ఒప్పందంలోనే ‘సైనిక అవసరం’ అనే సందు ఉంది. క్రొయాట్ సేనకు ఎదుటి పక్షమైన బోస్నియా సైన్యం ఆ వంతెన మీదుగా మనుషుల్ని, సరుకుల్ని దాటించేది. కాబట్టి అది సైనిక లక్ష్యమేనని 2013లో కింది బెంచి కూడా ఒప్పుకుంది. కాకపోతే అవతలి ఒడ్డున చిక్కుకున్న ముస్లింలకు జరిగిన నష్టం సైనిక లాభంతో పోలిస్తే మరీ ఎక్కువని శిక్ష వేసింది. సైనిక లక్ష్యమని ఒప్పుకున్నాక అకారణ విధ్వంసం ఎలా అవుతుందని అప్పీల్ బెంచి ఆ ముక్క తీసేసింది. ఒక జడ్జి ఒప్పుకోలేదు. మిగతా నేరాలకు నిందితులైన బోస్నియా క్రొయాట్ నాయకుల శిక్షలు అలాగే ఉన్నాయి. వాళ్లలో ప్రల్యాక్ అనే జనరల్ అదే రోజు కోర్టులోనే విషం తాగి చనిపోయాడు.

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ పాత పట్నం మీద 1991లో ఫిరంగులు పేల్చినందుకు యోకిచ్ అనే నౌకాదళాధికారికి ఏడేళ్లు పడింది. ఆఫ్రికాలో మాలి దేశంలోని టింబక్టులో సమాధి మందిరాలు కూల్చినందుకు అల్ మహదీ అనే తీవ్రవాదికి 2016లో తొమ్మిదేళ్లు. సమాధుల మీదుగా సైన్యం సరుకు దాటిస్తోందని అనలేరు కదా.

సెంట్రింగ్_శీను:
అంటే సమాధికి ఉన్న రక్షణ వంతెనకి లేదు, వంతెన జనానికి పనికొస్తుంది కాబట్టి! పోనీ సరుకు ఆగిందా? కూలిన చోటే తాళ్ల వంతెన వేసుకుని మళ్లీ నడిచారు. పోయింది ఆర్చే.

బుల్లెట్_బాబి:
అన్నా, అక్కడ కుర్రాళ్లు పైనుంచి నదిలోకి దూకుతారంట కదా, చూశావా?

సెంట్రింగ్_శీను:
చూశా తమ్ముడూ. టోపీ తిప్పి డబ్బులు పోగయ్యాక గానీ దూకరు.

తుంగభద్ర_ఒడ్డున:
మాది హొసపేట, ఇంట్లో తెలుగే. 1566 అనగానే ఆగిపోయాను. తళ్లికోట యుద్ధం, హంపి పాడవడం 1565. ఇక్కడ కూలగొడుతున్నప్పుడు అక్కడ మీ ఆర్చి కింద ఇంకా సెంట్రింగ్ ఉండి ఉంటుంది! ఇంతకీ పాత రాళ్లు ఏమయ్యాయండీ?

సెంట్రింగ్_శీను:
1997లో హంగరీ సైన్యం డైవర్లు నదిలోంచి కొన్ని తీశారండీ. మళ్లీ కట్టడానికి పనికిరావన్నారు. టెనెలియా అంటారు ఆ లేత రంగు రాయిని. అక్కడి రాయే కొత్తగా తెప్పించి చెక్కారు.

సెంట్రింగ్ అంటే గుర్తొచ్చింది. కట్టిన మేస్త్రీ హైరుద్దీన్ గురించి ఊళ్లో ఒక కథ చెబుతారు. ఆర్చి నిలబడకపోతే తల తీస్తామని సుల్తాన్ బెదిరించాడట. సెంట్రింగ్ విప్పే రోజు ఆయన తన గొయ్యి తానే తవ్వుకుని కూర్చున్నాడట. నిజమో కాదో గానీ, సెంట్రింగ్ విప్పే ముందు రాత్రి నాకిప్పటికీ నిద్ర పట్టదు.