కళాశాల ల్యాబుకు పూర్తి మిర్రరా, కాష్ సర్వరా?

కపిలతీర్థం:
తిరుపతిలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో ల్యాబుల నిర్వహణ చూస్తున్నాను. మా 60 కంప్యూటర్లలోనూ ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. సెమిస్టరు మొదలయ్యే వారంలో ప్రతి యంత్రమూ అవే ప్యాకేజీలను (సాఫ్ట్‌వేర్ కట్టలను) విడివిడిగా డౌన్‌లోడ్ చేసుకోవడంతో కళాశాల ఇంటర్నెట్ లైను పూర్తిగా నిండిపోతోంది. ఉబుంటు ప్యాకేజీలన్నింటి పూర్తి నకలును, అంటే మిర్రరును, రాత్రివేళ ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో మా సర్వరులోకి తెచ్చుకోవాలని నేను ప్రతిపాదించాను. అడిగిన ప్యాకేజీని మాత్రమే తెచ్చి దాచుకొనే ఆప్ట్-కాషర్-ఎన్‌జీ అనే కాష్ సర్వరు చాలునని మా సహోద్యోగి అంటున్నారు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వరదల వంటివి మళ్లీ వచ్చి లైను తెగినా ల్యాబు ఆగకూడదన్నదే నా పట్టుదలకు కారణం.

స్వర్ణముఖి:
కపిలతీర్థం గారూ, నేను మీ సహోద్యోగి పక్షమే. ఉబుంటులో ప్యాకేజీలు పదుల వేలలో ఉంటాయి. మీ విద్యార్థులు తాకేది వాటిలో చిన్న భాగం. మిగిలినదంతా ప్రతి రాత్రీ తెచ్చుకోవడం లైనును ఆదా చేయడం కాదు, వాడకాన్ని పగటి నుంచి రాత్రికి జరపడం మాత్రమే.

డిస్కు ఖర్చు కంటే నన్ను కలవరపెట్టేది పాతబడిపోయే మిర్రరు. ఏ కారణం చేతనైనా ఆర్‌సింక్ ఆగిపోయి, అది ఎవరి కంటా పడకపోతే, యంత్రాలు ఆ పాత జాబితానే సరైనదని నమ్ముతాయి. ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో, భద్రతా సవరణల రిలీజ్ ఫైలులో (ప్యాకేజీ జాబితాల వివరాలుండే ఫైలులో) గడువు తేదీ ఉంటుంది కనుక, అది దాటగానే ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ అనే సాధనం అభ్యంతరం చెబుతుంది. ఉబుంటు ఫైళ్లలో ఆ గడువు ఉండదు. భద్రతా సవరణలు కూడా మీ మిర్రరు నుంచే వెళ్తుంటే, అవి ఆగిపోయిన సంగతి మీకు ఎవరు చెబుతారు? కాష్ సర్వరు పని తీరు వేరు. పేరులోనే వెర్షన్ సంఖ్య ఉన్న డెబ్ ఫైలు (ప్యాకేజీ ఫైలు) మారదు కనుక దానిని దాచిన చోటు నుంచే ఇస్తుంది; మారుతూ ఉండే సూచీ (ప్యాకేజీల జాబితా) ఫైళ్లను మాత్రం అసలు సర్వరుతో సరిచూసుకుంటుంది.

చంద్రగిరి కోట:
ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ మీద నడిచే సర్వరును మధ్యలో కూర్చోబెడితే, దానిలోకి చొరబడినవాడు ప్యాకేజీనే మార్చి పెట్టలేడా? కాష్ అయినా మిర్రరు అయినా ఈ ప్రమాదం ఒకటే కదా.

స్వర్ణముఖి:
ఆప్ట్ విషయంలో ఆ భయం అక్కరలేదు. ఇన్‌రిలీజ్ ఫైలు (రిలీజ్ ఫైలుకు సంతకం చేర్చిన రూపం) మీద పంపిణీదారుల డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో ప్యాకేజీల జాబితా హ్యాష్ (ఫైలు మారితే తానూ మారే, వేలిముద్ర వంటి సంఖ్య), ఆ జాబితాలో ఒక్కొక్క డెబ్ ఫైలు హ్యాష్ ఉంటాయి. మధ్యలో ఒక్క బైటు మారినా ఆప్ట్ ఆ ఫైలును తిరస్కరిస్తుంది. అయితే ఈ ధీమాను పైథాన్ ప్యాకేజీలకు వర్తింపజేయకండి. వాటికి డెవ్‌పీఐ వంటి కాష్ పెట్టవచ్చు గాని, సూచీని ఇచ్చే సర్వరు చెప్పిన హ్యాష్‌నే, వాటిని ఇన్‌స్టాల్ చేసే పిప్ నమ్ముతుంది. అక్కడ కావలసిన ప్యాకేజీలను రాసే అవసరాల ఫైలులోనే హ్యాష్‌లు రాసి, వాటిని తప్పనిసరి చేయాలి.

కపిలతీర్థం:
భద్రత సంగతి అర్థమైంది. నా వరద ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఎవరూ అడగని ప్యాకేజీ కాష్‌లో ఉండదు కదా?

కాణిపాకం:
ఉండదు. కాబట్టి మనమే ముందుగా అడగాలి. సిలబస్‌లోని ప్యాకేజీల పట్టిక రాసుకొని, సెమిస్టరుకు ముందే ఒక కొత్త యంత్రంలో వాటన్నింటినీ ఇన్‌స్టాల్ చేయండి; వాటికి అవసరమైన అనుబంధ ప్యాకేజీలతో సహా అన్నీ కాష్‌లోకి చేరతాయి. ఆ రోజే మిగిలిన యంత్రాల్లోనూ జాబితాలను తాజా చేయించండి. లేకపోతే లైను తెగిన నాడు అవి కాష్‌లో లేని వెర్షన్‌ను అడుగుతాయి.

సూచీల్లో కనబడని ఫైళ్లను ఆప్ట్-కాషర్-ఎన్‌జీ కొద్ది రోజులకు తుడిచేస్తుంది. సూచీలు అందనప్పుడు ఈ శుభ్రపరిచే పనిని ఆపే అమరిక ఒకటి ఉంది, దానిని తీసేయకండి. ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలు (ప్యాకేజీల భాండాగారాలు) అమరికలో అనుమతిస్తేనే దీని గుండా నేరుగా పోతాయి, అప్పుడూ నిల్వ కావు. అటువంటివి వాడుతుంటే వాటికి దారి మళ్లింపు విడిగా రాయాలి. ఆప్ట్-కాషర్-ఎన్‌జీ అభ్యర్థనలు వినే పోర్టు 3142. దానిని ల్యాబు నెట్‌వర్కుకే పరిమితం చేయండి. హాస్టలు వైఫైకి కూడా తెరిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.