‘ఒగ్గు’: పర్లాకిమిడి షెడ్డులో విన్న మాట

మొన్న మా పాత కారు సైలెన్సర్ మార్పించడానికి పర్లాకిమిడిలో ఒక షెడ్డుకి వెళ్లాను. అక్కడ విన్న మాట గురించి ఇక్కడి పెద్దలతో మాట్లాడాలని రాస్తున్నాను.

వెనక పైపు తుప్పుపట్టి చిల్లు పడింది. కొత్తది బిగించాలంటే పాతదాన్ని ముందు పైపుకి పట్టి ఉంచిన రెండు బోల్టులు విప్పాలి. ముందు పైపు చివర రెండు చెవులుంటాయి, వాటిలో కోసిన మరలోకి ఈ బోల్టులు దిగి ఉంటాయి. బండి నడిచినంతసేపూ వాటికి వందల డిగ్రీల వేడి, ఆపగానే చల్లదనం, కింద నుంచి వాననీరు, బురద. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. మర చుట్ల మధ్య సందులో ఆ తుప్పు ఉబ్బి కూర్చుంటే చెవీ బోల్టూ ఒకే ముక్క అయిపోతాయి. మేస్త్రి ఆ సంగతి తెలిసినవాడు కనుక ముందురోజు సాయంత్రమే రమ్మని, నూనె కొట్టి పంపించాడు. రాత్రంతా నానాలన్నాడు.

మర్నాడు పొద్దున్న కుర్రాడు కిందికి దూరి ఆరు పలకల సాకెట్టు పెట్టి లాగడం మొదలుపెట్టాడు. (పన్నెండు మూలల రింగు స్పానరు మేస్త్రి ముట్టుకోనివ్వలేదు. అది మూలల మీదే పట్టుకుంటుంది, గట్టిగా లాగితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది.) బోల్టు కదలలేదు.

“రావట్లేదు మావా.”

“లాగకురా గుంటా. ముందు రవ్వంత బిగించు. అప్పుడు పట్టొగ్గుతాది.”

విప్పాల్సినదాన్ని బిగించమంటాడేమిటని వంగి చూశాను. సాకెట్టు వెంట్రుకవాసి ముందుకి, మళ్లీ వెనక్కి. ఉపయోగం లేదు. అప్పుడు మేస్త్రి గుడ్డతో నూనె తుడిచేసి, పైపుని వేలాడదీసే రబ్బరు మీద తడిగుడ్డ కప్పి, గ్యాసు మంట పెట్టాడు. బోల్టు మీద కాదు, చుట్టూ ఉన్న చెవి మీద. వేడికి చెవి వ్యాకోచిస్తే లోపలి రంధ్రం కూడా పెద్దదవుతుంది, తుప్పు పొర పగులుతుంది. చెవి మసకగా ఎర్రబడ్డాక మంట తీసి, సాకెట్టు పెట్టి ఒక్క పట్టు పట్టాడు. ఎండు కొమ్మ విరిగినట్టు ‘టక్’మంది.

“ఒగ్గీసినాది బాబూ.”

ఆ ఒక్క మాట విని నేను అక్కడే చతికిలబడ్డాను. మా అమ్మమ్మ నోట చిన్నప్పుడు రోజూ విన్నదే. ‘ఆడినొగ్గీ’, ‘బడొగ్గీసినారా?’, ‘కాలవకి నీల్లొగ్గినారు’. శ్రీకాకుళం జిల్లాలోనూ, మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనూ ఒగ్గడమంటే వదలడం. పుస్తకాల తెలుగులో మాత్రం ఒగ్గడమంటే చాపడం, వంచడం. చెవి ఒగ్గి వింటాం, దోసిలి ఒగ్గుతాం, తల ఒగ్గుతాం. నాకైతే ఆ బోల్టు దగ్గర రెండర్థాలూ ఒకటిగానే వినిపించాయి. అది పట్టు వదిలింది, తలా ఒగ్గింది.

రెండో బోల్టు కథ వేరు. దానికీ అన్నీ చేశారు. సాకెట్టు తిరిగింది, కానీ చప్పుడు లేదు. రబ్బరు మెలితిప్పినట్టు మెత్తగా వచ్చింది. మేస్త్రి “ఆపు, ఆపు! మెత్తబడతంది!” అనేలోపే తల తెగి సాకెట్టులోకి వచ్చేసింది. “మొండి మిగిలిపోనాది” అన్నాడు, చెవిలో ఇరుక్కున్న ముక్కని వేలితో తడుముతూ. మనిషి మెత్తబడితే సంతోషిస్తాం. బోల్టు మెత్తబడితే అది లోపల తెగుతోందని. ఇక ‘మొండి’ చూడండి. మాట వినని బోల్టూ మొండే, తల తెగి మిగిలిన ముక్కా మొండే. మొండివాడు, మొండిచెయ్యి, మొండిగోడ అని మనం విడివిడిగా వాడుకునే అర్థాలు రెండూ అక్కడ ఒకే ఇనుప ముక్కలో ఉన్నాయి.

(అడుగుతారని చెబుతున్నాను: ఆ మొండి పైన ఒక నట్టు పెట్టి, నట్టు మధ్యలో వెల్డింగు చేసి రెండింటినీ అతికించారు. వెల్డింగు వేడికే లోపలి తుప్పు పట్టు సడలింది. నట్టుకి స్పానరు పెట్టి తిప్పితే వచ్చేసింది.)

నా బాధ ఒకటుంది. ఆ కుర్రాడు ఒడియా బడిలో చదివాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు కానీ రాయడం రాదు. ‘ఒగ్గు’ అతని నోట్లో ఉంది, మన కాగితం మీద లేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం నోటి మాటకి పుస్తకంలో చోటుండాలని పోరాడిన మనిషి, 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. దాన్ని మనం రాతలో వాడాలని నా మనవి.

వ్యాఖ్యలు

రాయగడ నుంచి: బాగా రాశారు అన్నగారూ. మా దగ్గర షెడ్డుల్లో తెలుగూ ఒడియా కలిసే నడుస్తాయి. తుప్పుని ఒడియాలో ‘కళంకి’ అంటారు. ‘కళంకి లాగిచి’ అంటే తుప్పు పట్టిందని. మనకి కళంకం పేరుకో చంద్రుడికో అంటుతుంది, వాళ్లకి ఇనుముకి కూడా అంటుతుంది. నాకు ఆ మాట విన్నప్పుడల్లా బోల్టు మీద జాలేస్తుంది.

సిరొంచ నుంచి: మాది మహారాష్ట్ర అంచు, ప్రాణహిత ఒడ్డు. మా దిక్కు తుప్పు అనరు, ‘జంగు’ అంటరు. మరాఠీల ‘గంజ్’. బోల్టు రాకుంటే ‘ఇడుస్తలేదు’ అంటం. మీ ఒగ్గుడు నేను మొదటిసారి విన్న. మంచిగుంది.

విజయనగరం నుంచి: గురువుగారూ, చిన్న సందేహం. ‘వదిలింది’ అని అందరికీ తెలిసిన మాట ఉండగా దీన్ని పైకెత్తడం ఎందుకు? మా ఊళ్లోనూ ఒగ్గడం ఉంది, కానీ రాతలో పెడితే గుంటూరు వాళ్లకి అర్థం కాదు కదా.

నా జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ‘వదులు’తో ఇక్కడ ఒక చిక్కుంది. బోల్టు వదిలింది అంటే, వదులైపోయింది అని కూడా వినిపిస్తుంది. వదులైన బోల్టు గతుకు రోడ్డు మీద గలగలలాడుతుంది, దాన్ని బిగించాలి. ఒగ్గిన బోల్టు అలా కాదు. అది ఇంకా మరలోనే ఉంది, ఇంకా ఏడెనిమిది చుట్లు తిరగాలి, బిగువు కూడా ఉంది. పోయిందల్లా ఆ మొరాయింపు. ‘టక్’మన్న ఆ ఒక్క క్షణానికి పేరు కావాలి. ఊడింది అంటే పని అయిపోయినట్టు, కదిలింది అంటే చాలా తక్కువ. గుంటూరు వాళ్లకి ‘తలొగ్గు’ తెలుసు కదా, ‘పట్టొగ్గు’ అంటే అదే తోవలో అందుకుంటారని నా నమ్మకం.

గుణుపురం నుంచి: అన్నయ్యా, నేను స్ప్రే డబ్బాలు అమ్ముతాను. మీ మేస్త్రి కొట్టిన నూనె డబ్ల్యూడీ-40 అయితే ఆ పేరులోనూ భాష ఉంది. డబ్ల్యూడీ అంటే నీటిని తొలగించేదని, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని. 1953 నాటిది. మంట పెట్టేముందు తుడిచాడని రాశారు, ఆ మాట పెద్ద అక్షరాల్లో రాయాల్సింది. అది అంటుకుంటుంది. ఇంకో ప్రశ్న. ఒగ్గిన బోల్టు రెండు చుట్లు వచ్చి మళ్లీ పట్టేస్తుంది చూడండి, దానికి మీ మేస్త్రి ఏమంటాడు?

నా జవాబు: మొదటి బోల్టు సరిగ్గా అలాగే చేసింది తమ్ముడూ. మూడో చుట్టులో ఆగింది. మేస్త్రి “తిరగబడినాది” అన్నాడు. లాగనివ్వలేదు. సగం చుట్టు లోపలికి, ముప్పావు చుట్టు బయటికి, మధ్యమధ్య నూనె చుక్క. రాలిన తుప్పు పొడి నూనెతో కలిసి కాఫీ మడ్డిలా కారింది. పావుగంట పట్టింది. కొత్త బోల్టుల మరకి రాగి పొడి కలిపిన గ్రీజు రాస్తూ కుర్రాడితో అన్నాడు: “ఈసారి మళ్లీ వచ్చినప్పుడు సులువుగా ఒగ్గుతాదిరా.”