ఒక్కపూట తిరుగుడు, కడుపునిండా తిండి: గోదావరి డెల్టాలో ఏది ఎక్కడ, ఏ వేళకి? (చర్చ)

ముక్తేశ్వరం రేవు:
అందరికీ నమస్కారమండి. పొద్దున్న బయలుదేరి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేసే దూరంలో, పిల్లాజెల్లాతో వెళ్ళి తిని, కాసేపు నీళ్ళ పక్కన కూర్చుని రాదగ్గ చోట్లు ఇక్కడ పోగేద్దామండి. ఒక్కటే మనవి. ఊరి పేరు రాసి వదిలేయకండి. ఏ వేళకి వెళ్ళాలి, ఏమని అడగాలి, ఎప్పుడు వెళ్తే దండగ, అవి కూడా రాయండి. మన వైపు తిండంతా పూటని బట్టి ఉంటుంది. పన్నెండింటికి అంబాజీపేట వెళ్ళి పొట్టిక్కలు అడిగితే ఏం దొరుకుతాయి?

అంబాజీపేట కొబ్బరి:
పొట్టిక్కలకి ఏడు, ఎనిమిది మధ్యలో రావాలండి. తొమ్మిది దాటితే మిగిలినవే పెడతారు. నాలుగు పనసాకుల్ని కొబ్బరీనె ముక్కలతో గుచ్చి బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. లోతుగా ఉంటుంది కాబట్టి మామూలు ఇడ్లీలా పది పన్నెండు నిమిషాల్లో అవ్వదు, పాతిక నిమిషాలు పడుతుంది. తొందరపడి దించేస్తే నడిమధ్యలో పిండి జిగురుగా ఉండిపోతుంది. మొదటి వాయి కోసం ఎగబడే వాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. రెండో వాయి దాకా ఆగండి.

అసలుదో కాదో చూడాలంటే ఆకు విప్పండి. ఉడికిన పనసాకు పచ్చదనం పోయి ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, పొట్టిక్క మీద ఆకు ఈనెల అచ్చు దిగి ఉంటుంది, వాసన కూడా పట్టి ఉంటుంది. ఆకు లేతపచ్చగా, లోపలిది నున్నగా ఉందంటే గిన్నెల్లో ఉడికించి ఆకులో పెట్టినట్టే. నంజుకోడానికి కొబ్బరి చట్నీ, అల్లప్పచ్చడి రెండూ అడగండి. మామూలు ఆకలికి రెండు చాలు. ఇంట్లో చేసుకునే వాళ్ళకి కొలత: మినప్పప్పు ఒకటి, బియ్యపు రవ్వ రెండు. రవ్వ కడిగి గట్టిగా పిండి కలపాలి. పలచనైతే ఆకు సందుల్లోంచి కారిపోతుంది.

వశిష్ఠగట్టు:
మా పక్కన దానికి జవాబు దిబ్బరొట్టె. పాలకొల్లులో సినిమా హాలు క్యాంటీను రొట్టె పేరు ఊరూరా తెలుసు, పాత టిఫిన్ కొట్లలోనూ బాగానే వేస్తారు. పిండి పాళ్ళు దాదాపు పొట్టిక్క పిండివే, తేడా అంతా మంటలో ఉంది. మందపాటి మూకుడులో నూనె వేసి, రెండంగుళాల ఎత్తున పిండి పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేయాలి. మూత మీద నిప్పులు పెట్టే చోట పైనా కిందా ఒకేలా కాలుతుంది. ఇరవై నిమిషాలకి తక్కువ పట్టదు. సెగ పెంచితే అడుగు మాడుతుంది, మధ్య పచ్చిగా ఉంటుంది. పిండి బాగా పులిసిపోతే రొట్టె పొంగినట్టే పొంగి దించగానే కుంగుతుంది.

వెళ్ళగానే ముందు రొట్టె చెప్పి, తర్వాత క్షీరారామం వైపు ఓ చుట్టు తిరిగి రండి. వచ్చేసరికి తయారుగా ఉంటుంది. చెరుకు పానకం ఉంటే దాంతో, లేకపోతే కొబ్బరి చట్నీతో తినండి. అంచు కరకరలాడాలి కాబట్టి పార్శిల్ కట్టించొద్దు. కవరులో చెమ్మ పట్టి మెత్తబడిపోతుంది.

లొల్లలాకు:
ఆత్రేయపురం దారి గురించి రాస్తాను. పూతరేకుల కోసం అందరూ వస్తారు, దాంతోపాటు ఒక పూటంతా గడపొచ్చు. రావులపాలెం నుంచి బొబ్బర్లంక వైపు కాలువ గట్టున వస్తే లొల్ల లాకులు, అంటే కాలువ నీటిని ఆపి వదిలే గేట్లు, తగుల్తాయి. చెట్ల నీడ, పారే నీళ్ళు, కూర్చోడానికి గట్టు. ఇంకా ముందుకెళ్తే బొబ్బర్లంక దగ్గర ఆనకట్ట. కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఈ నాలుగు భాగాలకీ కలిపి 175 గేట్లు. కాటన్ మ్యూజియం ధవళేశ్వరం ఒడ్డునుంది. ర్యాలి గుడిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం వెనక వైపు కూడా చూసే రండి, ముందు విష్ణువు, వెనక మోహిని.

శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కుతో జనం విరగబడతారు. సన్న రోడ్డు, రెండు వైపులా కార్లు, బస్సు ఎదురొస్తే ఇక అంతే. మంగళ, బుధవారాలు హాయి.

పూతరేకులు కొనేటప్పుడు చుట్టే చోట నిలబడి కొనండి. రేకు తీయడం చూస్తే కళ్ళు తిప్పుకోలేరు. బోర్లించిన కుండ కింద ఎండిన కొబ్బరి మట్టల మంట, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు. కన్నుమూసి తెరిచేలోపు ఆరిపోతుంది. మంట ఎక్కువైతే గుడ్డ తగలగానే పిండి చిట్లి చిల్లులు పడతాయి, తక్కువైతే రేకు కుండకి అంటుకుంటుంది. రేకు పెళుసు కాబట్టి చుట్టే ముందు తడిగుడ్డతో కాస్త మెత్తబరుస్తారు. ఆ తడి ఎక్కువైతే తినేటప్పుడు పంటికి సాగుతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది.

ముక్తేశ్వరం రేవు:
పంచదారవా, బెల్లంవా? దూరం పంపేవాళ్ళకి ఏది మంచిదండి?

లొల్లలాకు:
నాలుగు రోజుల్లో తినేస్తామంటే బెల్లం. దానికి చెమ్మ త్వరగా పడుతుంది. పొట్లం కట్టి దూరం పంపడానికి పంచదారవే మేలు. ఏదైనా ఫ్రిజ్‌లో పెట్టొద్దు, రేకు తోలులా అయిపోతుంది. డబ్బా మూత తీసి వాసన చూడండి. నెయ్యి పాతదైతే ముక్కే చెప్పేస్తుంది. వేసవైతే మామిడి తాండ్ర కూడా ఇక్కడే కొనుక్కోండి. అడ్డంగా కోయించి చూస్తే పొరలు కనపడాలి. పొర మీద పొర పోసి ఎండబెట్టింది అలాగే ఉంటుంది.

యానాం ఏటిగాలి:
పులస మాటెత్తకుండా ఈ చర్చ ముగియదు కదా, నేనే ఎత్తుతాను. జులై చివర్నుంచి సెప్టెంబరు దాకా, వరదకి ఎర్రనీరు దిగే రోజుల్లోనే పులస. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. గోదావట్లోకి ఎదురీదుకుంటూ వచ్చాక పులస, కొవ్వు పట్టి రుచి మారుతుంది. దసరా తర్వాత బోర్డు మీద పులస అని రాసుంటే ఐసు పెట్టెలోంచి వచ్చిందో, వేరే రాష్ట్రాల నుంచి దిగిన ఇలసో అయి ఉంటుంది. అది కూడా తినొచ్చు, కానీ పులస ధర పెట్టి తినక్కర్లేదు.

హోటల్లో తినాలనుకుంటే ముందు రోజు ఫోన్ చేసి "రేపటికి చేప ఉందా, పులుసు ఇవాళ పెడుతున్నారా" అని అడగండి. పులస పులుసు మర్నాటిదే బాగుంటుంది. మట్టిదాకలో, సన్నటి సెగ మీద, బెండకాయలు, చీల్చిన పచ్చిమిర్చి వేసి, దించే ముందు ఆవకాయ ఊట ఓ గరిటె. గరిటె పెట్టి కలపకూడదు, దాకనే పట్టుకుని తిప్పాలి, లేదంటే ముక్క చితుకుతుంది. ఈ చేపకి సన్న ముళ్ళు లెక్కలేనన్ని. నెమ్మదిగా ఉడికి రాత్రంతా పులుసులో నానితే ముళ్ళు కాస్త మెత్తబడతాయి. అయినా చిన్న పిల్లలకి పెట్టొద్దండి. వాళ్ళకి కొరమీనో పండుగప్పో చెప్పండి, నడిముల్లు తీసేస్తే చాలు.

సొంతంగా కొనాలంటే మా యానాం రేవులో వేలం పాట ఉంటుంది. ధర రోజురోజుకీ మారుతుంది కాబట్టి ఇక్కడ రాయను. మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో చూడండి. ముక్కలు కోసి పెట్టిన దాన్ని కొనకండి.

చెరువుగట్టు భీమవరం:
రొయ్యల గురించి ఒక్క మాట. చాలా మంది బోర్డు మీద "రొయ్యల వేపుడు" చూసి చెప్పేస్తారు, వచ్చాక ముడుచుకుపోయిన చిన్న రొయ్యలు చూసి బాధపడతారు. మా వైపు రొయ్య కౌంట్ లెక్కన అమ్ముతారు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది. ముప్పై కౌంట్ అంటే పెద్దవి, వంద కౌంట్ అంటే చిన్నవి. "ఏ కౌంటండి?" అని అడిగితే హోటలాయన తిన్నగా చెబుతాడు. ఇగురుకి చిన్నవే బాగుంటాయి, మసాలా పడుతుంది. వేపుడుకి యాభై లోపు కౌంట్ అయితే బాగుంటుంది. వీపు మీద నల్లనరం తీశారో లేదో మొదటి ముక్కలోనే చూసుకోండి. చింతచిగురు వచ్చే రోజుల్లో చింతచిగురు రొయ్యలు ఉన్నాయంటే ఇంకేమీ చూడొద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకి సముద్రం వేట నిషేధం. అప్పుడు చందువా, వంజరం అడిగితే ఐసువే వస్తాయి. ఆ రెండు నెలలూ చెరువు చేప, ఏటి చేప తినడం నయం. కోడి పలావు తినాలంటే ఒంటిగంట లోపు చేరాలి. పొద్దున్న దించిన డేగిసా అయిపోయాక మళ్ళీ వండే చోట్లు తక్కువ. నాటుకోడి అంటే గంటకి పైగా ఉడకాలి కాబట్టి ముందే చెప్పి వెళ్ళండి. ఇక సంక్రాంతి మూడు రోజులూ బయట ఊరి వాళ్ళు భీమవరం వైపు తిండికి రాకండి, పందాల జనంతో కూర్చోడానికి బల్ల దొరకదు.

వశిష్ఠగట్టు:
అంతర్వేది వెళ్ళే వాళ్ళకి. నర్సాపురం రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. కారు, బండి రెండూ ఎక్కిస్తారు. కారు ఎక్కించేటప్పుడు మిగతా వాళ్ళంతా దిగి నడిచి ఎక్కాలి, బల్ల మీద చక్రం తిన్నగా పెట్టాలి, హ్యాండ్‌బ్రేకు వేసి గేరులో వదలాలి. వరదొచ్చినా, గాలి ఎక్కువైనా పంటు ఆపేస్తారు. అప్పుడు పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా తిరిగి రావాలి, నలభై కిలోమీటర్ల పైనే. కాబట్టి పంటు మీద వెళ్ళినా చివరి పంటు ఎన్నింటికో దిగగానే అడిగి పెట్టుకోండి.

గుడి, లైట్‌హౌసు, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు, మూడూ ఒక పూటకి సరిపోతాయి. గట్టు వైపు ఎండకి నీడ లేదు, మంచినీళ్ళు దొరకవు. భీష్మ ఏకాదశి ముందూ వెనకా కల్యాణం, రథోత్సవం జనం. వెళ్తే మొక్కుకే వెళ్ళాలి, షికారుకి వద్దు. తిరుగు దారిలో నగరం అనే ఊరి మీదుగా వచ్చే వాళ్ళు గరాజీలు కట్టించుకోండి. బియ్యప్పిండి, పంచదారతో నూనెలో సన్నటి తీగలా పోసి మడిచే మిఠాయి. చేతిలో నలిగిపోతుంది కాబట్టి సంచీలో అన్నిటికన్నా పైన పెట్టండి.

కోరంగి మడ:
కాకినాడ వైపు నుంచి. కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడక పిల్లలకి బాగా నచ్చుతుంది. బోటు ఎక్కాలంటే పోటు వేళ కావాలి, ఆటుకి నీళ్ళు తగ్గితే బోటు కదలదు. బయలుదేరే ముందు ఫోన్ చేసి ఇవాళ బోటు ఎన్నింటికని అడగండి. పీతలు, బురద మీద పాకే చేపలు చూడాలంటే మాత్రం ఆటు వేళే మంచిది. దోమలున్నాయి, నిండు చేతుల చొక్కా వేయండి. మధ్యాహ్నం కాకినాడలో సుబ్బయ్యగారి హోటల్ శాకాహార భోజనం. పన్నెండుంపావుకి కూర్చుంటే ప్రశాంతంగా తింటారు, ఒంటిగంటకి కుర్చీ వెనక మనిషి నిలబడి ఉంటాడు. సాయంత్రం గొట్టం కాజా. కొరకగానే పాకం లోపల్నుంచి కారుతుంది, చొక్కా జాగ్రత్త. తాపేశ్వరం మడతకాజా వేరు, అది పొరలు పొరలుగా విడుతుంది. రెండూ ఒకటే అనుకుని కొనకండి.

మండపీతలు కొనే వాళ్ళకి వేటగాళ్ళ లెక్క ఒకటి: అమావాస్య దగ్గర పీత నిండుగా, పున్నమి దగ్గర గుల్లగా ఉంటుందంటారు. చేత్తో ఎత్తి చూడండి, పరిమాణానికి మించి బరువుండాలి. పొట్ట డొప్ప నొక్కితే లోపలికి దిగకూడదు.

అంబాజీపేట కొబ్బరి:
దారి తిండి మర్చిపోయాం. ఏప్రిల్, మే నెలల్లో ముంజెలు. వేలితో నొక్కితే నీళ్ళు కదిలేవే తీసుకోండి, గట్టిగా ఉంటే ముదిరాయి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా కుండలో కాల్చిన తేగలు.

ముక్తేశ్వరం రేవు:
వరద రోజుల్లో ఎలా తెలుసుకోవాలో ఎవరైనా రాస్తే ఈ చర్చకి అదొక్కటే కొరత.

లొల్లలాకు:
ధవళేశ్వరం మట్టం చూసుకోండి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల (గోదావరి మధ్య దిబ్బల) వైపు వెళ్ళే ప్రయాణాలు మానేయండి. కనకాయలంక కాజ్‌వే లాంటివి ముందే మునుగుతాయి. పైన భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ఇక్కడికి వెంటనే రాదు, కాస్త వ్యవధి ఉంటుంది. అందుకని పొద్దున్న ధవళేశ్వరంలో మామూలుగా ఉందని ధైర్యపడకుండా భద్రాచలం మట్టం కూడా చూడాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు కూడా వరదకి ఆగుతుంది. మీది ఆ ఊరే కాబట్టి మీకు చెప్పక్కర్లేదు.

చెరువుగట్టు భీమవరం:
కార్తీకం ఆదివారాలు పేరుపాలెం బీచికి వనభోజనాలకి వెళ్ళే వాళ్ళు ఏడున్నరకల్లా చేరి సరుగుడు తోటలో నీడ పట్టండి. తర్వాత బండి పెట్టుకోడానికే చోటుండదు. వంట అక్కడే పెట్టుకుంటే గాలికి పొయ్యి నిలవదు, మూడు వైపులా గోతం అడ్డు కట్టాలి. అన్నం, పులిహోర ఇంట్లో వండుకుని, కూర ఒక్కటీ అక్కడ చేసుకుంటే పని తేలిక. స్నానం మోకాలి లోతు దాటకూడదు, కెరటం వెనక్కి లాగే బలం ఎక్కువ, కాలి కింద ఇసుక జారిపోతుంది. పోలీసులు తాడు కట్టిన చోట దాటొద్దు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఒకటి తాగడానికి, ఒకటి కాళ్ళు కడుక్కోడానికి బండిలో వేసుకోండి.